వాకిలి వైపు వీపు పెట్టి

అవ్వ పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను మార్కాపురంలో మా ఇంటి గ్రిల్లుకు రెండో తాళం వేస్తున్నాను. బడికి టైమైపోతోంది. తెలియని నంబరు. తెలియని నంబర్లు నేను ఎత్తను. మూడోసారి మోగితే భయమేసి ఎత్తాను.

"టీచరమ్మా, నేను చివరింటామెను. తెల్లారి అవ్వ పోయింది. పొయ్యి కాడ కూచ్చున్నది కూచ్చున్నట్టే గోడకు ఒరిగింది" అని ఏడుపు.

తాళం చేతిలో పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాను. ఆ రోజు బడికి వెళ్లలేదు.

అవ్వ నాకు చుట్టం కాదు. అర్ధవీడు మండలంలో నేను ఆరేళ్లు పాఠాలు చెప్పిన ఊళ్లో పక్కింటి మనిషి. వీధి వీధంతటికీ అవ్వే కాబట్టి నాకూ అవ్వ అయింది. ఆమె గురించి చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పుకోవాలి. నేను పిరికిదాన్ని. బల్లికీ పాముకీ భయపడే పిరికితనం కాదు, మనుషులంటే భయం. కనిగిరిలో మా నాయన పడుకునే ముందు తలుపు గడియ మూడుసార్లు లాగి చూసేవాడు. "ఎవడన్నా మంచిగా మాట్లాడినాడంటే మనతో ఏదో పనిబడి ఉంటాది పాపా, చూసుకో" అనేవాడు. ఆ మాట అన్నంలో కలుపుకుని తిని పెరిగాను. ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా వాకిలి కనబడేలా కూర్చుంటాను. హోటల్లోనూ అంతే, బస్సులో అయితే చివరి సీటు. నా వెనకాల ఎవరూ ఉండకూడదు.

అవ్వ వాకిలి వైపు వీపు పెట్టి కూర్చునేది. తలుపు బార్లా తీసి, పొయ్యి ముందు పీట వేసుకుని, వీధికి వీపు తిప్పేసి వండుకునేది. వెనక అడుగుల చప్పుడైతే తల తిప్పకుండానే "రా, కూచ్చో" అనేది. తరువాత "తిన్నావా?" అనేది. ఆ రెండూ అయ్యాక గానీ, వచ్చింది ఎవరో చూసేది కాదు. మొదటిసారి అది చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. వచ్చినవాడి చేతిలో కత్తి ఉంటేనో? అదే అడిగాను కూడా. అవ్వ బోసినోటితో నవ్వి, "కత్తి ఉన్నోడైనా ఆకలైతాది గదమ్మా" అంది.

ఆ వీధిలో పద్నాలుగు ఇళ్లు. దాదాపు అందరూ చర్చికి వెళ్లే కుటుంబాలు, కూలి చేసుకు బతికేవాళ్లు. క్రిస్మస్ అయిపోయి జనవరి వచ్చిందంటే మిరపకాయ కోతలకు గుంటూరు వైపు వెళ్లిపోయేవారు. ముసలీముతకా, పిల్లాజెల్లా, కోళ్లతో సహా టెంపో ఎక్కేవారు. మళ్లీ వచ్చేది ఎండలు ముదిరాకే. వెళ్లే ముందు ఒక్కొక్కరూ వచ్చి అవ్వ ఇంట్లో గోడ మేకులకు తాళంచెవులు తగిలించిపోయేవారు. అవ్వకు మోకాళ్లు పోయినప్పటి నుంచి కోతలకు వెళ్లడం మానేసింది, అందుకని ఆ కాపలా ఆమె మీద పడింది. పద్నాలుగు మేకులు, పదమూడు తాళంచెవులు. పద్నాలుగోది ఆమె సొంత ఇంటి మేకు, అది ఖాళీ. ఆమె ఇంటికి తాళమే లేదు.

ఆమె చేసిన కాపలా మాత్రం నేను ఇంకెక్కడా చూడలేదు. రోజుకో ఇల్లు తెరిచి, చిమ్మి, ఆ ఇంటి పొయ్యిలోనే తన సంగటి వండుకుని అక్కడే తినేది. ఇవాళ ఈ ఇల్లయితే రేపు పక్కిల్లు. పొగ తగలకపోతే దూలాలకు చెదలు పడతాయని, బూజు పట్టి తేళ్లు చేరతాయని ఆమె చెప్పే కారణం. ఇంకో కారణం కూడా ఒకసారి చెప్పింది. "మూడు నెలలు పొయ్యి ఆరిపోయి ఉంటే, వచ్చినోళ్లకు అది వాళ్ల ఇల్లు అనిపియ్యదు టీచరమ్మా." అవ్వ ఎక్కడుందో తెలుసుకోవాలంటే వీధి మొదట్లో నిలబడి ఏ కప్పు మీద పొగ లేస్తోందో చూడటమే. వండేది జొన్నసంగటి, నంజుకోవడానికి చెనక్కాయల ఊరిబిండి. కంచం ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేటప్పుడు ఆ ఇంటివాళ్ల పేర్లు అన్నీ చెప్పేది. నడకరాని పసిపిల్లలను కూడా వదలకుండా.

నేను మొదటి ఏడాది నా అద్దె గది తాళంచెవి ఆమెకు ఇవ్వలేదు. రెండో ఏడాదీ ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు.

మోసం ఆమెకు తెలియదని అనుకోకండి. ఒక ఏడు మూడో ఇంటివాళ్ల చిన్నాయన కొడుకు వచ్చి తాళంచెవి తీసుకుని, మిక్సీ, రెండు ఇత్తడి బిందెలు ఎత్తుకుపోయాడు. ఆ ఇంటివాళ్లు తిరిగొచ్చి టెంపో దిగి మూటలు కింద పెట్టక ముందే అవ్వ ఎదురెళ్లి చెప్పింది. వాళ్లు నానా మాటలూ అన్నారు, మూడు నెలలు మాట్లాడలేదు. తన ఇంట్లో ఉన్న ఒక్క బిందె తీసుకెళ్లి వాళ్ల అరుగు మీద పెట్టి వచ్చింది అవ్వ. మళ్లీ జనవరికి మూడో ఇంటి తాళంచెవి అదే మేకుకు ఎక్కింది.

"ఇంకా ఎట్ల ఇస్తావవ్వా అడిగినోళ్లకల్లా?" అని నేను నిలదీశాను.

"ఒకడు ఎత్తకపోయినాడని, తతిమ్మా అందరూ వస్తే లేదంటానా? పోయింది బిందె. మనుషులు యాడికీ పోలేదు గదా."

ఆ మాట వినేసరికి నాకు కోపం వచ్చింది. ఇలాంటి మనుషుల వల్లే దొంగలు బతుకుతారని మనసులో అనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఇప్పటిదాకా మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా పాపకు అప్పుడు ఆరేళ్లు. మా ఆయన ఉద్యోగం హైదరాబాదులో. వీధంతా కోతలకు వెళ్లిపోయి తాళాలు వేలాడుతున్న రోజులు. ఫోన్లలో ఎక్కడ చూసినా పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని మెసేజీలు. నేను ప్రతి ఒక్కటీ రెండుసార్లు చదివేదాన్ని. ఒకరోజు మండలంలో టీచర్లందరికీ మీటింగు. బడికి సెలవిచ్చి, పాపను అవ్వ దగ్గర వదిలి బయలుదేరుతుంటే, అవ్వ ఇంట్లోంచి ఒక మగమనిషి బయటికి వచ్చాడు. మాసిన గళ్లచొక్కా, గడ్డం, భుజాన సంచి. చేతిలో తాళంచెవి. నేరుగా వెళ్లి చివరింటి తాళం తీస్తున్నాడు.

"ఎవరవ్వా అతను?"

"మన చివరింటామె వాళ్లు ఉంటున్న కాడ పక్క గుడిసెలో ఉంటాడంట. గిద్దలూరు వైపు మనిషి. ఆమెకు బాగలేక గుంటూరు ఆసుపత్రిలో ఏసినారంట. డాక్టరు పాత రిపోర్టులు అడుగుతుండాడని ఈయన్ని పంపినారు."

"ఏం గుర్తు చెప్పినాడు? వాళ్లకు ఫోన్ చేసినావా?"

"నాకు ఫోనేంది? గుర్తేంది?" అవ్వ నా మొహంలోకి వింతగా చూసింది. "ఈ ఊర్లో ఒక్కరూ తెలీకుండా నడిచొచ్చినాడమ్మా. నీకు ఆయనెవరో తెలీదు, సరే. ఆయనకు మాత్రం నువ్వెవరో తెలుసునా? ఎంత భయపడతా వచ్చినాడో."

చివరింటి వాళ్లకు నేనే ఫోన్ కొట్టాను. స్విచ్చాఫ్. పాపను వెంట తీసుకుపోదామంటే మీటింగులో ఒప్పుకోరు. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. ఆ కంగారులో నేనొక పని చేశాను. చివరింటి వాకిట్లో వంగి ఉన్న అతన్ని ఫోటో తీసి, పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాను. "మన ఊళ్లో కొత్త మనిషి తిరుగుతున్నాడు. పిల్లలు జాగ్రత్త" అని రాశాను. అంతే. చెడ్డ మాట ఒక్కటీ రాయలేదని చాలాకాలం నన్ను నేను సమర్థించుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి ఆ ఫోటో నాకే తిరిగొచ్చింది. వేరే గ్రూపు నుంచి. కింద మాటలు మారిపోయాయి. "పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా మనిషి. కనబడితే వదలొద్దు" అని ఉంది. మీరు నవ్వుతారేమో, నేను పెట్టిన ఫోటోయే నన్ను భయపెట్టింది. ఇంకొకరికి కూడా అనుమానం వచ్చిందంటే నిజమే అయ్యుంటుంది అనుకున్నాను. నా అనుమానమే ఊళ్లు తిరిగి వచ్చిందని ఆ క్షణాన తోచలేదు. మా పాప అక్కడ ఉంది. తాళంచెవులన్నీ గోడకు పెట్టుకుని, వీధికి వీపు తిప్పి కూర్చునే ముసలామె చేతిలో ఉంది.

ఆటోలో ఎలా వచ్చానో గుర్తులేదు. వీధిలో పిట్ట లేదు. అవ్వ ఇల్లు బార్లా తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. మా గదికి తాళం. "పాపా" అని అరిస్తే నా గొంతే ఎదురింటి గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చింది. ఆ రెండు నిమిషాలు నేను అనుకున్నవి ఇక్కడ రాయలేను. ఆడబిడ్డను కన్న ఏ తల్లినైనా అడగండి. అప్పుడు తలెత్తి చూస్తే చివరింటి కప్పు మీద పొగ కనబడింది.

పరుగెత్తి లోపలికి దూకాను. అవ్వ పీట మీద కూర్చుని సంగటి కెలుకుతోంది. మా పాప పొయ్యిలోకి కంపపుల్లలు అందిస్తోంది. ఆ మనిషి మూలన గోడకు ఆనుకుని, ఒడిలో రిపోర్టుల ఫైలు పెట్టుకుని, పాప చెప్పే ఏదో కథ వింటున్నాడు. నేను పిల్లను రెక్క పట్టి లాగేశాను. అది ఏడుపు మొదలెట్టింది.

"ఏమైందమ్మా? పెట్టెలో కాయితాలు వెతికేసరికి బస్సు పోయింది. అయిదింటి బస్సుకు పోతాడు, ఇంత తిని పొమ్మన్న" అంది అవ్వ.

నేను ఫోన్ తీసి చూపించాను. అవ్వకు చదువు రాదు. చదివి వినిపించాను. అవ్వ గరిటె కింద పెట్టింది. ఆ మనిషి మాత్రం ఫోటోలో తన వంగిన వీపును చూసుకుని, నన్ను చూశాడు. ఎవరు తీశారో అతనికి అర్థమైపోయింది. సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో బండ్ల మోత.

అవ్వ మోకాళ్లు పోయిన మనిషి. ఆ రోజు లేచిన వేగం నేను మరిచిపోలేను. అతన్ని లోపలే ఉండమని, నన్నూ పాపనూ బయటికి తెచ్చి, తలుపు మూసి, బయట తాళం వేసి, గడప మీద కూర్చుంది. కూర్చుని, తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది.

"నాకెందుకవ్వా?" అన్నాను.

"నీ దగ్గరుండనీ."

నాలుగు బండ్లు. ఏడెనిమిది మంది, చేతుల్లో కట్టెలు. పక్క ఊరివాళ్లు. వాళ్లలో ఇద్దరి పిల్లలు నా క్లాసులోనే చదువుతారు. రోజూ నమస్కారం పెట్టేవాళ్లే. ఆ మొహాలు నేను గుర్తుపట్టలేకపోయాను.

"అవ్వా, వాడు లోపలుండాడా? తాళం తియ్యి."

"తాళంచెవి టీచరమ్మ కాడ ఉంది. మీ పిల్లోళ్లకు చదువు చెప్పేది ఆమె గదా, ఆమెనే అడగండి" అంది అవ్వ. నా వైపు చూడను కూడా చూడలేదు. నాకు వీపు తిప్పి కూర్చుంది.

అందరూ నా వైపు తిరిగారు. ఒక చంకలో పాప, ఇంకో పిడికిట్లో తాళంచెవి. నాకు వాళ్లంటే భయం. లోపలున్న మనిషన్నా భయమే. అతను ఎవరో నాకింకా తెలియదు. అతని ఒడిలో రిపోర్టులు చూశాను, నిజమే. రిపోర్టుల వంకతో వచ్చిన మనిషి కాడని ఎలా చెప్పను? ఇవాళ తెలిసినవాడే అని చెప్పి, రేపు ఏమైనా జరిగితే? తాళంచెవి ఇచ్చేస్తే నా భయం తీరిపోతుంది, అతన్ని వాళ్లు చూసుకుంటారు. ఒక్క క్షణం చెయ్యి చాచబోయాను కూడా. దాచుకోవడం ఎందుకు.

ఎదురుగా అవ్వ వీపు. చిరుగు కుట్టిన రవికె, మెడ మీద తెల్లటి జుట్టు. పొద్దున ఆ ఫోటో తీసిన నన్నే నమ్మి, నాకు వీపు పెట్టి కూర్చున్న మనిషి.

"ఆయన మాకు తెలిసినాయనే" అన్నాను. "ఆ ఫోటో పెట్టింది నేనే. అడగకుండా పెట్టినాను. ఆసుపత్రి కాయితాల కోసం వచ్చినాడు. తప్పు నాది."

"తెలిసినోడైతే తాళమెందుకేసినారు?" అని ఒకతను.

"మీరు కట్టెలెందుకు తెచ్చినారో అందుకే" అంది అవ్వ. తరువాత ఆమే, "సంగటి అయింది, కూచ్చోండి. తిని పోదురు" అంది. నా క్లాసు పిల్లవాడి తండ్రి కట్టె చేతి నుంచి చేతికి మార్చుకుని, "వద్దులే అవ్వా" అని బండి తిప్పాడు. మిగతావాళ్లు గొణుక్కుంటూ అతని వెనకే పోయారు.

తాళం తీయడానికి నాకు చాలా సేపు పట్టింది. చెవి రంధ్రంలోకి వెళ్లలేదు. లోపల సంగటి మాడు వాసన. అతను గాదె వెనక నక్కి కూర్చుని, ఫైలును రొమ్ముకు హత్తుకుని ఉన్నాడు. మా మాటలన్నీ విన్నాడు. "నేను పోతానమ్మా" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. అవ్వ పోనివ్వలేదు. మాడింది తీసేసి పెట్టింది. అతను ముద్ద నోటి దాకా తీసుకెళ్లి రెండుసార్లు కింద పెట్టాడు. మూడోసారి తిన్నాడు.

"నువ్వే పోయి బస్సెక్కించు" అంది అవ్వ నాతో. అదే ఆమె వేసిన శిక్ష. రోడ్డు దాకా ముగ్గురం నడిచాం. అతను మా పాపకు పదడుగుల దూరంగా, రోడ్డు అవతలి అంచున, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచాడు. పాప కథ సగంలో ఆగిందని అతని వైపు పరుగెత్తబోతే చేతులు అడ్డం పెట్టి, "వద్దు తల్లీ, దగ్గరికి రావద్దు" అన్నాడు. ఆరేళ్ల పాపను చూసి భయపడిన మనిషిని ఆ రోజు నేను చూశాను. ఆ భయం పెట్టింది నేను. బస్సెక్కేటప్పుడు క్షమించమని అడగాలనుకున్నాను, అడగలేదు. ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. ఇది చదివేవాళ్లలో ఆయన ఉంటే, అన్నా, నన్ను క్షమించండి.

నాలుగు రోజుల తరువాత చివరింటివాళ్లు ఫోన్ చేశారు. రిపోర్టులు అందాయి, ఆమె కోలుకుంటోంది. అవ్వకు చెబితే "అట్లనా, మంచిది" అని కసువు చిమ్ముకుంటూ పోయింది. ఏమీ దెప్పలేదు. తరువాత కూడా ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ మరుసటి రోజు నా గది రెండో తాళంచెవి తీసుకెళ్లి పద్నాలుగో మేకుకు తగిలించాను. నేను మారిపోయానని మాత్రం చెప్పను. ఆ రాత్రి గడియ నాలుగుసార్లు లాగి చూసుకున్నాను.

అవ్వను మట్టి చేసిన రోజు చర్చివాళ్లు పాటలు పాడుతుంటే చివరింటామె నా చెయ్యి వదల్లేదు. ఆమె ఇంటి మీద క్రిస్మస్ నక్షత్రం ఇంకా దించలేదు. కోతలకు వెళ్లాల్సిన టెంపోను రెండు రోజులు ఆపించారు. మూడో రోజు పొద్దున ఏం చేస్తారా అని నేను చూస్తున్నాను. ఎవరూ కూడి మాట్లాడుకోలేదు. ఒక్కొక్కరే ఇంటికి తాళం వేసి, అవ్వ ఇంట్లోకి వెళ్లి, తాళంచెవి మేకుకు తగిలించి, వచ్చి టెంపో ఎక్కారు. ఆ ఇంటికి తాళం లేదు. లోపల ఆమె కూడా లేదు. వీధిన పోయే ఎవరైనా పదమూడు ఇళ్ల తాళంచెవులు చేత పట్టుకుని పోవచ్చు.

టెంపో కదిలేటప్పుడు చివరింటామె వంగి అడిగింది. "ఆదివారం ఆదివారం వచ్చి ఒక్క పొయ్యన్నా అంటిస్తావా టీచరమ్మా?"

మొదటి ఆదివారం వెళ్లలేదు. తలనొప్పి అని మా ఆయనకు చెప్పాను. నిజం భయం. మనిషి లేని వీధిలో ఒక్కదాన్ని, అదీ తలుపు తీసుకుని. రెండో ఆదివారం మా పాప, ఇప్పుడు ఎనిమిదో తరగతి, "అమ్మా, పోవాల్సిందే" అని సంచిలో జొన్నపిండి పోసింది. దానికి పరీక్షలు. ఒక్కదాన్నే కంభం మీదుగా రెండు బస్సులు మారి వెళ్లాను. పద్నాలుగు మేకులకూ చూశాను. పదమూడు తాళంచెవులూ ఉన్నాయి. చివరింటిది తీసుకున్నాను.

చిమ్మాను. కంప విరిచి పొయ్యి వెలిగించాను. ఎసరు పెట్టి, అలవాటుగా పీట గోడ వైపు జరుపుకుని వాకిలికి ఎదురుగా కూర్చున్నాను. అలా కూర్చుంటే గాలికి పొగంతా మొహం మీదికే వచ్చింది. కళ్లు మండిపోయాయి. లేచాను. పీట తిప్పాను. తలుపు బార్లా ఉంది. వాకిలి వైపు వీపు పెట్టి కూర్చున్నాను. వీపంతా చెవులైపోయింది. మెడ మీద చెమట పట్టి వీపు మీదికి కారడం తెలుస్తోంది.

పిండి కలుపుతుండగా వీధిలో అడుగులు వినబడ్డాయి. మగమనిషి నడక. వాకిలి దగ్గరికి వచ్చి ఆగాయి. గరిటె గట్టిగా పట్టుకున్నాను. తల తిప్పితే ఎవరో తెలిసిపోతుంది. తిప్పలేదు.

"రా, కూచ్చో" అన్నాను. సంగటి కెలుకుతూనే ఉన్నాను. "తిన్నావా?"